కందహార్‌ను మొఘలులు మూడుసార్లూ ఎందుకు గెలవలేకపోయారు?

రాళ్లసీమ: 1649, 1652ల్లో ఔరంగజేబు, 1653లో అతని అన్న దారా షికో ఇప్పటి అఫ్ఘానిస్థాన్‌లోని కందహార్‌ను ముట్టడించారు. మూడుసార్లూ పర్షియాను (ఇరాన్) ఏలుతున్న సఫవీ వంశంవాళ్లే కోట నిలబెట్టుకున్నారు. మొఘల్ ఫిరంగులు నాసిరకం కాబట్టే ఇలా అయిందని నా వాదన. కాదంటే ఎందుకో చెప్పండి.

పాతపటం: అసలు కారణం దూరం. ఢిల్లీ ఎక్కడ, కందహార్ ఎక్కడ! మధ్యలో కనుమలు, మంచు.

గోదారిగట్టు: దూరం అంటే ఒప్పుకోను. మొఘలుల చేతిలో ఉన్న కాబూల్ నుంచి కంటే సఫవీ రాజధాని ఇస్ఫహాన్ నుంచి కందహార్ చాలా ఎక్కువ దూరం. అయినా సఫవీ రాజు రెండో షా అబ్బాస్ 1648 చివర్లో, గడ్డకట్టే చలిలో వచ్చి, అప్పటికి మొఘలుల చేతిలో ఉన్న కోటను చుట్టుముట్టాడు. ఇక్కడ షాజహాన్ దర్బారులో మంచు పడుతోంది, పశువులకు మేత దొరకదు, వసంతం దాకా ఆగుదామన్నారు. ఫిబ్రవరిలో కోట లొంగిపోయింది. ఔరంగజేబు చేరేసరికి మే! అప్పటికి సఫవీ దండు లోపల స్థిరపడిపోయింది. పైగా 1646–47లో బల్ఖ్ (ఉత్తర అఫ్ఘానిస్థాన్) మీద చేసిన దండయాత్రతో మొఘల్ ఖజానా అప్పటికే బాగా ఖాళీ అయింది. 1649లోనే బయటి మైదానంలో సఫవీ సైన్యాన్ని మొఘలులు ఓడించారు కూడా. సైనికుల్లో లోపం లేదండీ. ఆ చలికాలం కదలకపోవడమే కొంప ముంచింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా మళ్లీ చలి వచ్చేలోగా తిరిగి రావాల్సిందే.

రాళ్లసీమ: మరి 1649లో పెద్ద ఫిరంగులే తీసుకెళ్లలేదు కదా? 1652లో తెచ్చినవాటిలో కొన్ని బీటలు వారాయి. దీన్నేమంటారు?

గోదారిగట్టు: ఆ రెండుసార్లకూ మీ మాట సరే. కానీ దారా లాహోర్‌లో భారీ ఫిరంగులు పోతపోయించి మరీ వెళ్లాడు. అవి గోడను పగలగొట్టాయి కూడా. అయినా లోపలికి చొరబడలేకపోయారు, చివరికి మందుగుండు నిండుకుంది. అది సరఫరా సమస్య. ఇక 1652 సంగతి: ఇంకొంత గడువివ్వమని ఔరంగజేబు వేడుకున్నా, కాబూల్‌లో మకాం వేసిన షాజహాన్ ముట్టడి ఎత్తేయమన్నాడు. కొడుకును దక్కన్ సుబేదారుగా పంపేశాడు.

పాతపటం: అంటే 1656లో మన గోల్కొండ మీదకు వచ్చింది కందహార్‌లో భంగపడ్డ ఆ ఔరంగజేబే అన్నమాట.

గోదారిగట్టు: అవును. అక్కడా ముట్టడి ఆపించింది షాజహాన్ ఫర్మానాయే.