తేనెటీగల హారర్ సినిమా: మూల నవల ఎవరైనా చదివారా?

నిన్న రాత్రి ‘ది డెడ్లీ బీస్’ చూశాను. 1960లనాటి బ్రిటిష్ హారర్, ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ తీసింది. అలసిపోయిన ఓ పాప్ గాయని విశ్రాంతికని దీవికి వెళ్తుంది. అక్కడ తేనెటీగలు పెంచేవాళ్లు ఇద్దరు, ఒకరంటే ఒకరికి పడదు. తేనెటీగలు ముసిరే సీన్లలో నాకు భయం కన్నా నవ్వే ఎక్కువొచ్చింది, అది వేరే సంగతి.

దీనికి మూలం హెచ్.ఎఫ్. హర్డ్ 1941లో రాసిన ‘ఎ టేస్ట్ ఫర్ హనీ’. నవల్లో మైక్రాఫ్ట్ అనే పెద్దాయన ఆరా తీస్తాడట, సినిమాలో ఆయన ఊసే లేదు!

చదివినవాళ్లు కాస్త చెప్పండి. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా నవల చదవబుద్ధేస్తుందా? తేనెటీగల్ని మనిషి మీదికి ఉసిగొల్పే పద్ధతి రెండింట్లోనూ ఒకటేనా? పాత కాపీ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే అదీ చెప్పగలరు.