పాత జీపు ఎనక కమాన్ (లీఫ్ స్ప్రింగు) బ్రాకెట్ కదులుతా ఉంది, వెల్డింగ్ పెట్టించాలనా బోల్టులు వేయించాలనా?

దామలచెరువు తోటోడు:
అన్నలకు నమస్తే. మాది మహీంద్రా జీపు ఎంఎం 540, 1994 మోడల్, ప్యూజో ఇంజను. మా నాయన కొన్న బండి. రోడ్డెక్కేది తక్కువ, తోటలోనే దాని బతుకు. కాయ దినాల్లో తోతాపురి క్రేట్లు, తక్కిన దినాల్లో ఎరువు మూటలు, డ్రిప్పు పైపులు. పోయిన వారం తిరుపతిలో పని చూసుకొని పీలేరుకు పోతా ఉంటే, భాకరాపేట ఘాట్లో గేరు మార్చినప్పుడల్లా ఎనక నుంచి ‘టక్’ అని ఒక దెబ్బ. యాక్సిలేటర్ తొక్కితే మూతి ఎడమకు పోతుంది, కాలు తీస్తే కుడికి. పక్కన కూర్చున్న మా ఇంటామె ‘తాగింది బండా, నువ్వా?’ అనింది.

ఇంటికొచ్చి కింద దూరి చూసినా. ఎడమ పక్క ఎనక కమాన్ కట్ట ముందు కొసను పట్టుకునే బ్రాకెట్ ఉంది కదా, దాని రివెట్లలో రెండింటి చుట్టూ ఎర్రగా తుప్పు పొడి రాలతా ఉంది. గేరులో పెట్టి మా పిల్లోణ్ణి ముందుకీ ఎనక్కీ తొయ్యమని, బ్రాకెట్ మీద సగం చాసీ మీద సగం వేలు పెట్టి చూస్తే కదిలేది బాగా తెలస్తా ఉంది.

ఊళ్లో మేస్త్రీ ‘చుట్టూ వెల్డింగ్ కొట్టేస్తా, అరగంట పని’ అంటాడు. పాకాలలో ఇంకొకాయన ‘వెల్డింగ్ జోలికే పోవద్దు, బోల్టులే’ అంటాడు. కాయ దించే టైము దగ్గర పడింది, ఎవరి మాట వినాల?

పీలేరు జీపు:
వెల్డింగే పెట్టించేయ్ బ్రో. నా సీజే 500డీకి కొట్టించి మూడేండ్లయింది, దాని పాటికి అది ఉంది.

పాత షెడ్డు మనిషి:
తమ్ముడూ, ముప్పై ఏండ్లు లారీ కమాన్లు కట్టినోణ్ణి. ఇప్పుడు నడుము వంగదు కాబట్టి ఫోన్లో చెప్తా ఉండా. వెల్డింగా బోల్టా అనేది తర్వాత. ఆ రివెట్లు ఎందుకు వదులైనాయో ముందు అది చూడు. ఊరికే కూర్చున్న బ్రాకెట్ దానంతటది లూజు కాదు. దాన్ని ఏదో రోజూ సుత్తితో కొట్టినట్టు కొడతా ఉంది.

టేపు తీసుకో. బ్రాకెట్లో కమాన్ కన్ను (కొసన చుట్టిన రింగు) బోల్టు నడిమి నుంచి యాక్సిల్ దాకా ఎడమ పక్క కొలువు, కుడి పక్క కొలువు. రెండూ ఒకటే రావాల. తేడా వస్తే యాక్సిల్ కమాను మీద జారిందని అర్థం, అంటే లోపల సెంటర్ బోల్టు తెగినట్టే. చానా మంది సెంటర్ బోల్టే యాక్సిల్‌ను పట్టుకుంటుంది అనుకుంటారు. కాదు. కమాన్ పట్టీలను ఒక కట్టగా ఉంచేదానికి, దాని తల సీటు గుంతలో కూర్చొని యాక్సిల్ ఉండాల్సిన చోటు చూపించేదానికి అది. పట్టు అంతా కమానునూ యాక్సిల్‌నూ కలిపి బిగించే యూ బోల్టులదే. అవి వదులైతే యాక్సిల్ తోపుడూ బ్రేకు గుంజుడూ వేలంత సెంటర్ బోల్టు మీద పడతాయి. అదీ తెగితే యాక్సిల్ ముందుకీ ఎనక్కీ కొట్టుకుంటుంది, ఆ దెబ్బంతా పోయి బ్రాకెట్ రివెట్లకు తగులుతుంది.

ఇది చూడకుండా బ్రాకెట్ చుట్టూ వెల్డింగ్ కొడితే బ్రాకెట్ కదలదు గానీ దెబ్బ ఆగదు. ఈసారి వెల్డింగ్ గీత పక్కన చాసీ పగులుతుంది. పీలేరాయన బండి బాగుందంటే సంతోషం, ఒకసారి కింద కడిగి చూసుకోమను.

ఇంకొక మాట. ఆ కమాన్ల మీద ఈ మధ్య ఎవరైనా చెయ్యి పెట్టినారా?

దామలచెరువు తోటోడు:
పెద్దాయనా, మీకు దండం. కుడి పక్క కంటే ఎడమ పక్క సరిగ్గా నాలుగు నూళ్లు ఎక్కువ వచ్చింది. అరంగుళం!

మీరడిగినాక గుర్తొచ్చింది. రెండేండ్ల కింద లోడుకు ఎనక కుంగిపోతా ఉందని ఒక షెడ్డులో ఎడమా కుడీ ఒక్కో పట్టీ ఎక్కించినారు. యూ బోల్టులు మాత్రం పాతవే. ఇప్పుడు చూస్తే ఎడమ పక్క నట్లలో ఒకదానికి మర అంచు కూడా బయటికి రాలేదు, నట్టు లోపలే ఆగిపోయింది.

పాత షెడ్డు మనిషి:
దొరికింది కదా దొంగ. పట్టీ ఎక్కిస్తే కట్ట మందం పెరుగుతుంది, దానికి తగ్గ పొడుగు బోల్టు ఎయ్యాల. నట్టు దాటి రెండు మూడు మరలైనా కనపడాల. అసలు యూ బోల్టు ఒకసారి ఇప్పితే మళ్లీ ఎయ్యగూడదు, అది సాగి ఉంటుంది. రెండు పక్కలా యూ బోల్టులన్నీ కొత్తవి తీసుకో. సెంటర్ బోల్టులూ కొత్తవే.

బ్రాకెట్‌కు: రివెట్ తలలు గ్రైండర్‌తో తీసి, నడిమిలో డ్రిల్లు పెట్టి, పంచితో కొట్టి తియ్యమను. గ్యాసుతో కొయ్యనియ్యొద్దు. రంధ్రం కోడిగుడ్డు మాదిరి సాగి ఉంటే రీమర్ పెట్టి గుండ్రం చేసి, దానికి బిగుతుగా పట్టే 10.9 గ్రేడు బోల్టు ఎయ్యాల. రెండు రేకులూ కలిసే చోట మర ఉండగూడదు, నున్నటి భాగమే ఉండాల, లేకుంటే మర దగ్గరే తెగుతుంది. గట్టి వాషర్, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది). బ్రాకెట్ రివెట్లు నాలుగూ మార్చు, కదిలే రెండే కాదు.

రివెట్లు తీసినాక చాసీ రేకును కిరోసిన్‌తో తుడిచి చూడు. వెంట్రుక మాదిరి పగులు కనపడితే దాని కొసన చిన్న రంధ్రం ఎయ్యాల, లేకుంటే అది పాకతానే ఉంటుంది. అప్పుడు వెల్డింగ్ అవసరమే, బ్యాటరీ వైర్లు ఇప్పేసి చేయించు. పట్టీకి మాత్రం నిప్పురవ్వ కూడా తగలనియ్యొద్దు. పదును పోయి పుటుక్కుమంటుంది.

చిత్తూరు మెకానిక్కు:
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నాదొక మాట: కన్ను బోల్టూ షాకిల్ (కమాన్ రెండో కొసను పట్టుకునే ఊగే లింకు) బోల్టులూ జాకీ మీద ఉన్నప్పుడే ఫుల్లు టైటు చేస్తారు మనోళ్లు. రబ్బరు బుష్ ఉన్న బండికి అది తప్పు. చక్రాలు నేలకు దించి, బండి బరువు కమాన్ల మీద పడినాక బిగించాల. లేకుంటే రబ్బరు మెలి తిరిగే ఉండి నెలల్లో చినుగుతుంది. రబ్బరుకు గ్రీజు కూడా పుయ్యద్దు సార్.

దామలచెరువు తోటోడు:
అన్నలారా, పని అయింది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్క లారీ షెడ్డులో చేయించినా, రెండు దినాలు పట్టింది. సెంటర్ బోల్టు రెండు ముక్కలుగా వచ్చింది, ఇంటికి తెచ్చి మా ఇంటామెకు చూపించినా, తాగింది ఎవరో తెలియాలని. చాసీకి పగులు లేదు, అది మా నాయన పుణ్యం. ఎక్కించిన పట్టీలు షెడ్డులో తీసేయమన్నారు, తీసేసినా. ఇంక క్రేట్లు సగం సగం రెండు ట్రిప్పులు.

యూ బోల్టు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించినారు. నట్టు మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటు గీత గీయించినా. వంద కిలోమీటర్లు తిరిగినాక స్పానర్ పెడితే ఎడమ పక్క రెండు నట్లు పావు తిరుగుడు తీసుకున్నాయి. మళ్లీ ఐదొందలకు చూస్తా. నిన్న అదే ఘాట్లో పోయినా, ‘టక్’ లేదు. స్టీరింగ్ కూడా నేరుగా నిలబడింది. ఇన్నాళ్లూ దాన్ని వంకరగా పట్టుకొని తోలతా ఉండానని ఇప్పుడు తెలిసింది.

పీలేరు జీపు:
బండి కడిగించి చూసినా బ్రో. వెల్డింగ్ పక్కన ఒక గీత ఉంది. ఆ షెడ్డు ఎక్కడో కొంచెం చెప్పు.