రీఫ్ ట్యాంక్‌కి ఏ సాల్ట్ మంచిది? చెన్నై, బెంగళూరు వాళ్లు మీ అనుభవం చెప్పండి

వేళచ్చేరి_రీఫ్
అందరికీ నమస్తే. మాది చెన్నై, వేళచ్చేరి. 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (సముద్రపు చేపలు, పగడాలు పెంచే అక్వేరియం) పెట్టి ఎనిమిది నెలలైంది. రెండు క్లౌన్ ఫిష్‌లు, పగడాల్లో జోవాలు, ఒక లెదర్ కోరల్, ఒక హ్యామర్ ఉన్నాయి. ఇప్పటిదాకా కొళత్తూరులో షాపతను ఇచ్చిన సాల్టే (నీళ్లలో కలిపి సముద్రపు నీళ్లలా చేసే పొడి) వాడుతున్నాను. అది అయిపోవచ్చింది, ఈసారి పెద్ద బకెట్ కొందామని ఉంది. రెడ్ సీ నీలం బకెట్, కోరల్ ప్రో, ఇన్‌స్టంట్ ఓషన్, ట్రాపిక్ మారిన్... వీటిలో ఏది తీసుకోమంటారు?

ఇంకో విషయం. పోయిన వారం టెస్ట్ చేస్తే ఆల్కలినిటీ (నీళ్లలో కార్బనేట్, బైకార్బనేట్ ఎంత ఉందో చెప్పే కొలత) 6.8 డీకేహెచ్, కాల్షియం 375 పీపీఎం, మెగ్నీషియం 1170 పీపీఎం వచ్చాయి. హ్యామర్ మునుపటిలా విచ్చుకోవడం లేదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు వాడే సాల్ట్‌లోనే లోపం ఉందని అనుకుంటున్నాను.

ఇందిరానగర్_అల
సాల్ట్ సంగతి తర్వాత, ముందు ఏ నీళ్లలో కలుపుతున్నారో చెప్పండి. నేను బెంగళూరులో మొదటి ఏడాదంతా వంటింటి ఆర్వో నీళ్లే వాడాను. తాగే నీళ్లే కదా, బాగానే ఉంటాయనుకున్నాను. ఇసుక మీద గోధుమరంగు పొర, అద్దాల మీద నాచు ఎంత తుడిచినా మళ్లీ వచ్చేవి. చివరికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల కొలత) మీటర్ పెట్టి చూస్తే 70. రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలిపే ఏర్పాటు చాలా ఇంటి ఫిల్టర్లలో ఉంటుంది. మనకు కావాల్సింది సున్నా. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) ఉండాలి.

అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉందని కొందరు ధైర్యంగా ఉంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది, అంతే. టీడీఎస్ తగ్గదు. ఆర్వో మెంబ్రేన్ ఎక్కువ కాలం మన్నడానికి అది పనికొస్తుంది గానీ ఆ నీళ్లను నేరుగా ట్యాంక్‌లో పోయకూడదు. ట్యాంకర్ నీళ్లు వచ్చే వీధుల్లో అయితే ప్రతి లోడుకీ టీడీఎస్ మారుతుంది. వారానికోసారి చూసుకోండి.

వేళచ్చేరి_రీఫ్
ఆర్వో డీఐ ఉందండీ. మాకు బోరు నీళ్లు, టీడీఎస్ 900 దాటుతుంది. డీఐ తర్వాత సున్నాయే చూపిస్తోంది. నెల క్రితమే రెసిన్ మార్చాను.

కొత్త_ట్యాంక్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. సముద్రం పక్కనే ఉంది కదా, నీలాంకరై నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చుకోకూడదా? లేదంటే కల్లుప్పు కూడా సముద్రపు నీటి నుంచే వస్తుంది, దాన్నే మంచి నీళ్లలో కలిపితే సరిపోదా?

చినగంజాం_అబ్బాయి
కల్లుప్పు గురించి నేను చెప్తాను. మా ఊరు చినగంజాం, మా నాన్నగారిది ఉప్పు కొటారు. ఇప్పుడు తాంబరంలో ఉంటున్నాను.

కొటార్లలో సముద్రపు నీళ్లను ఒక మడి నుంచి ఇంకో మడికి పంపుతూ ఎండబెడతాం. సున్నం లాంటి పదార్థం, జిప్సం ముందే అడుక్కి దిగిపోతాయి. అంటే కాల్షియంలో పెద్ద భాగం అక్కడే పోతుంది. ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. ఉప్పు తీసేశాక మడిలో మిగిలే చేదు నీళ్లను బయటికి వదిలేస్తాం. మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఉండేది ఆ చేదు నీళ్లలోనే. కాబట్టి గడ్డకట్టిన కల్లుప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. దాన్ని మళ్లీ నీళ్లలో కలిపితే ఉప్పు నీళ్లు అవుతాయి, సముద్రపు నీళ్లు కావు. కోరల్‌కి ఎముక కట్టుకోవడానికి కావాల్సినవి అందులో ఉండవు. చిన్నప్పుడు ఆ చేదు నీళ్లు కాళ్లకు తగిలి పగుళ్లు మండేవి. వాటిలో ఇంత విలువైన సరుకు పోతోందని ఈ ట్యాంక్ పెట్టాకే నాకు తెలిసింది.

ఇక నీలాంకరై నీళ్లు. ఒడ్డు నీళ్లు వద్దండీ. అడయారు, కూవం నదులు నగరపు మురుగునంతా మోసుకొచ్చి ఇదే సముద్రంలో కలుస్తాయి. 2023 డిసెంబరు వరదల్లో ఎన్నూరు వైపు చమురు తేలింది. పైగా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో వాన నీళ్లు, నదుల నీళ్లు కలిసి ఇక్కడ ఉప్పదనం బాగా పడిపోతుంది. ఏప్రిల్‌లో తెచ్చిన క్యాను, నవంబరులో తెచ్చిన క్యాను ఒకటి కావు. నీళ్లతో పాటు రాయో పగడపు ముక్కో తెచ్చుకుందామని మాత్రం అసలు అనుకోవద్దు. మన తీరంలోని రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి.

కొత్త_ట్యాంక్
అర్థమైంది, థాంక్స్ అన్నా.

అడయార్_అక్రో
ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నా లెక్కలో సాల్ట్‌ని పేరు చూసి కాదు, ఆల్కలినిటీ చూసి ఎంచుకోవాలి. సహజ సముద్రంలో అది 7 డీకేహెచ్ దగ్గర ఉంటుంది, కాల్షియం 420, మెగ్నీషియం 1300 అటూఇటూ. రెడ్ సీ నీలం బకెట్ 8 దగ్గర కలుస్తుంది. కోరల్ ప్రో 12 దగ్గర. ట్రాపిక్ మారిన్ ప్రో రీఫ్ సముద్రానికి దగ్గరగా 7 పైన ఉంటుంది. ఇన్‌స్టంట్ ఓషన్ 10, 11 మధ్య. రీఫ్ క్రిస్టల్స్ ఇంకాస్త ఎక్కువ. వీటిలో చెడ్డది ఏదీ లేదు. రాతి పగడాలు నిండుగా ఉండి, ఆల్కలినిటీని రోజూ తాగేసే ట్యాంక్‌కి 12 ఉన్న సాల్ట్ వరం. మీలాంటి ట్యాంక్‌లో దాన్ని ఖర్చు చేసేవాళ్లే లేరు.

నేను చేసిన తప్పు వివరంగా చెప్తాను. నా ట్యాంక్ 7.5 దగ్గర నిలకడగా నడిచేది. నైట్రేట్ దాదాపు సున్నా. కోరల్స్‌కి ఎక్కువ పోషణ అని నమ్మి 12 డీకేహెచ్ ఉన్న సాల్ట్‌కి మారిపోయాను, అదీ 30 శాతం వాటర్ చేంజ్‌తో. పది శాతమే మార్చి ఉంటే 7.5 కాస్తా 7.95 అయ్యేది, ఏమీ జరిగేది కాదు. 30 శాతం మార్చేసరికి ఒక్క సాయంత్రంలో 8.85కి ఎక్కింది. వారం తర్వాత మళ్లీ అంతే చేశాను. రెండు వారాల్లో అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే రాతి పగడం) కొసలు తెల్లగా కాలిపోయినట్టు అయ్యాయి. పోషకాలు లేని నీళ్లలో ఆల్కలినిటీ ఎక్కితే ఎస్పీఎస్‌కి (అక్రోపోరా లాంటి చిన్న పాలిప్‌ల రాతి పగడాలకి) ఇలా అవుతుందని ఆలస్యంగా తెలిసింది. నాలుగేళ్లు పెంచిన కాలనీ అది, సగం పోయింది. ఇప్పటికీ బాధే.

కాబట్టి ఏది కొన్నా, పాతదీ కొత్తదీ కలుపుతూ నెల రోజుల్లో మెల్లగా మారండి. కొత్త బకెట్ తెరిచిన ప్రతిసారీ ఒకసారి కలిపి టెస్ట్ చేయండి. ఒకే కంపెనీలో కూడా బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ కాస్త తేడా ఉంటుంది.

ఒక చిన్న పని చేస్తారా? మీరు చెప్పిన అంకెలు ట్యాంక్ నీళ్లవి. కొత్తగా కలిపిన నీళ్లు టెస్ట్ చేసి పెట్టండి.

వేళచ్చేరి_రీఫ్
ఇప్పుడే చేశాను. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సరిగ్గా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) వచ్చేలా కలిపాను. ఆల్కలినిటీ 7.2, కాల్షియం 380, మెగ్నీషియం 1180.

అడయార్_అక్రో
8 దగ్గర కలిసే సాల్ట్‌తో పోలిస్తే మూడూ ఒకే పాళ్లలో తగ్గాయి, గమనించారా? సాల్ట్‌లో లోపం ఉంటే సాధారణంగా ఒకటి తగ్గుతుంది, ఇంకోటి బాగుంటుంది. అన్నీ కలిసి ఎనిమిది, తొమ్మిది శాతం తగ్గాయంటే సాల్ట్ మీద కాదు, ఉప్పదనం మీదే నా అనుమానం. మీ నీళ్లు నిజానికి 32 దగ్గర ఉండొచ్చు. రిఫ్రాక్టోమీటర్‌ని దేనితో సెట్ చేశారు?

వేళచ్చేరి_రీఫ్
ఆర్వో నీళ్లతో సున్నాకి సెట్ చేశానండీ. కాగితంలో అలాగే ఉంది.

అడయార్_అక్రో
సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 35 దగ్గర తప్పు చూపించవచ్చు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం చిన్న సీసా దొరుకుతుంది, దానితో సెట్ చేయండి. అప్పటిదాకా కొత్త సాల్ట్ కొనొద్దు.

మైలాపూర్_మడుగు
అది వచ్చేలోగా సాల్ట్ దాచుకునే పద్ధతి చెప్తాను, ఎందుకంటే చెన్నై గాలికి ఇది పెద్ద సమస్య. ఇందులోని మెగ్నీషియం, కాల్షియం లవణాలు గాలిలో చెమ్మను లాక్కుంటాయి. తడిసిన చోట కాల్షియం, బైకార్బనేట్ కలిసి సున్నంగా మారతాయి. ఆ సాల్ట్ ఎంత తిప్పినా అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది, ఆల్కలినిటీ పడిపోతుంది. మిచౌంగ్ తుఫానప్పుడు కింద స్టోర్ రూమ్‌లో ఉంచిన మా సంచి చెమ్మ పట్టి రాయిలా అయింది, పారేశాను. ఇప్పుడు రబ్బరు వాషర్ మూత ఉన్న డ్రమ్ములో పోసి పైన గదిలో ఉంచుతున్నాను. వాడే ముందు డ్రమ్మును నాలుగు సార్లు దొర్లిస్తాను, బరువైన పలుకులూ తేలికవీ విడిపోయి ఉంటాయి కాబట్టి.

కలిపేటప్పుడు నీళ్లలో సాల్ట్ వేయాలి, సాల్ట్ మీద నీళ్లు పోయకూడదు. పవర్‌హెడ్ (నీళ్లను తిప్పే చిన్న పంపు) తిరుగుతుండగా కొంచెం కొంచెంగా వేయండి. లీటరుకి 36 నుంచి 39 గ్రాములు పడుతుంది. ఆల్కలినిటీ ఎక్కువున్న సాల్ట్‌ని కలిపిన రోజే వాడేయండి. మే నెల వేడిలో రెండు రోజులు తిప్పుతూ వదిలేస్తే బకెట్ గోడలకి సున్నం పట్టేస్తుంది.

వేళచ్చేరి_రీఫ్
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. సీసా వచ్చింది. 35 ద్రావణం నా మీటర్‌లో 38 చూపించింది. అంటే నేను 35 అనుకున్నది 32. ఎనిమిది నెలలుగా అలాగే నడుపుతున్నాను. పాపం, షాపతన్ని అనుమానించాను. మీటర్ సరిచేసి మళ్లీ 35కి కలిపితే ఆల్కలినిటీ 7.9, కాల్షియం 415, మెగ్నీషియం 1290 వచ్చాయి. ట్యాంక్‌ని 35కి ఎలా తేవాలి? ఒకేసారి పెద్ద వాటర్ చేంజ్ చేసేయనా?

అడయార్_అక్రో
వద్దు, మెల్లగా. రోజుకి ఎన్ని నీళ్లు ఆవిరవుతున్నాయి?

వేళచ్చేరి_రీఫ్
ఫ్యాన్ పెట్టాను కాబట్టి రెండున్నర లీటర్ల దాకా.

అడయార్_అక్రో
అయితే సులువే. టాప్ ఆఫ్‌కి (ఆవిరైన నీళ్లను నింపడానికి) మంచి నీళ్ల బదులు 35 పీపీటీ ఉప్పు నీళ్లు పోయండి. రోజుకి దాదాపు 87 గ్రాముల ఉప్పు చేరుతుంది, మీకు కావాల్సింది 600 గ్రాములు. వారంలో చేరతారు. రోజూ కొలవండి, 35 రాగానే మళ్లీ మంచి నీళ్లకి మారిపోండి. సాల్ట్ ఇప్పుడున్నదే కొనసాగించండి, 8 దగ్గర కలిసేది మీ ట్యాంక్‌కి సరిగ్గా సరిపోతుంది.

వేళచ్చేరి_రీఫ్
ఈ రోజుకి తొమ్మిదో రోజు. 35 దగ్గర నిలబడింది. నిన్న సాయంత్రం లైట్ ఆరే ముందు హ్యామర్ సగం పైగా విచ్చుకుంది. అదే సాల్ట్ పెద్ద బకెట్‌కి ఆర్డర్ పెట్టాను, మూత గట్టిగా ఉండే డ్రమ్ము కూడా కొన్నాను.