మెట్టతామర (కానా పూలమొక్క) కుదురు ఎప్పుడు విడదీయాలి?

అమలాపురం వైపు పెరడండి, నల్లమట్టి. మెట్టతామర మూడేళ్లుగా కదపలేదు. కుదురు మధ్యలో ఎండు కాడలే మిగిలాయి, పూలు చిన్నవయ్యాయి. ఈ ముసురులోనే తీసి నాటొచ్చా?

కడియం పెరడు:
ఇప్పుడొద్దండి. నీరు నిలిచిన నల్లమట్టిలో కోసిన దుంప కుళ్లిపోతుంది. ఫిబ్రవరి దాకా ఆగండి. కాడల్ని జానెడు ఉంచి కోసి, కుదురుకి అరడుగు దూరంలో చుట్టూ గునపం దింపి పైకి లేపండి. మట్టి కడిగితేనే దుంప మీది కళ్లు (మొలక వచ్చే మొగ్గలు) కనబడతాయి. ముక్కకి రెండు మూడు కళ్లుండాలి. ఒక్క కన్నుతోనూ మొలుస్తుంది గానీ పూత ఆలస్యం. నడిమి ముసలి దుంప పారేయండి. కోతలకు బూడిద అద్ది ఒకరోజు నీడలో ఆరనిచ్చి, అడుగున్నర ఎడంగా, నాలుగంగుళాల లోతున నాటండి.

లంకమట్టి:
నాలుగంగుళాలు ఇసుకనేలకే సరండి. నల్లమట్టిలో రెండు చాలు, అదీ అడుగెత్తు బోదె మీద.

అంతకన్నా ముఖ్యం, ఆకులు చూడండి. ఆకు నరాల వెంట పసుపు చారలుంటే వైరస్ కావచ్చు. అది దుంపతోనే ప్రతి ముక్కకీ వెళ్తుంది, మందు లేదు. రకానికి సహజమైన చారలు కాకపోతే ఆ కుదురు విడదీయకుండా తగలబెట్టేయండి. కత్తిని కుదురుకోసారి స్పిరిట్‌తో తుడవండి.