ముందు లోయ, వెనక శిఖరం

కాంతిరేఖ: ఎమ్మెస్సీలో జెడ్-స్కాన్ (నమూనాను లేజర్ కిరణం వెంబడి జరుపుతూ, దూరాన చిన్న రంధ్రం దాటే కాంతిని కొలిచి గీత గీసే ప్రయోగం) చెబుతూ మా మాస్టారు అన్న మాట సగమే గుర్తుంది: "ముందు లోయ, వెనక శిఖరం అయితే ధనం..." ఆ పైది గుర్తు రావట్లేదు. నన్ను పీడిస్తున్నది మాత్రం ఆ "ముందు". చోటా, కాలమా?

ప్రయోగశాల: చోటే. ఫోకస్‌కి ముందు, అంటే లేజర్ వైపు; ఫోకస్ అంటే కిరణం బాగా సన్నబడే చోటు. n2, అంటే కాంతి తీవ్రతతో వక్రీభవన గుణకం ఎంత మారుతుందో చెప్పే సంఖ్య, ధనమైతే (ప్లస్ అయితే) నమూనా తానే కుంభాకార కటకమవుతుంది. ఫోకస్‌కి ఇవతల ఉంటే కాంతి ఇంకా ముందే గుమిగూడి, దూరాన డిటెక్టర్ ముందున్న అపెర్చర్ (చిన్న రంధ్రం) చేరేసరికి బాగా విచ్చుకుంటుంది. రంధ్రంలోంచి వెళ్ళేది తగ్గుతుంది, లోయ. ఫోకస్ దాటాక అదే కటకం విచ్చుకునే కిరణాన్ని కుదురు చేస్తుంది, శిఖరం.

పద్యప్రియ: "ఇంకా ముందే" అని మీరే అన్నారు, అది ఏ ముందండీ? గురజాడవారి "మందగించక ముందు అడుగేయి"లో ముందంటే రాబోయేది. "ముందు జరిగిన సంగతి" అంటే గడిచిపోయినది. "వెనుక చూసిన కార్యమేమోయి"లో వెనుక గతం, "వెనక చెబుతాలే"లో తర్వాత. గురజాడ ఈ రెండు మాటల్నీ ఎదురుబొదురు నిలబెట్టిన తీరు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

అక్షరం: పాదంలో "వెనక" అని విన్నాను.

పద్యప్రియ: ఏదైనా మూడు మాత్రలే, నడక చెడదు. నేను చదువుకున్నది "వెనుక".

ప్రయోగశాల: ఇక్కడ నడక కాదు, n2 ధన-ఋణ గుర్తు చెడుతుంది. నమూనాను జరిపే స్టేజిని డిటెక్టర్ వైపు నుంచి వెనక్కి నడిపి, "ముందు" అంటే మొదట వచ్చింది అనుకుంటే ధనం కాస్తా ఋణమైపోతుంది. జింక్ సెలినైడ్‌కి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర n2 ధనం, 532 దగ్గర ఋణం. ఆ మార్పును చూపడమే ప్రయోగమంతా. జెడ్-స్కాన్ కనిపెట్టిన షేక్-బహాయ్ బృందం 1990 పేపర్లో z ఋణం వైపు, అంటే ఫోకస్‌కి లేజర్ వైపు నుంచే మొదలుపెట్టింది, అలా నడిపినంతకాలం చోటూ కాలమూ ఒకటే.

కాంతిరేఖ: అయితే మాస్టారి మాట రెండర్థాల్లోనూ నిలుస్తుంది.

అక్షరం: "మొదట లోయ, పిదప శిఖరం" అంటే సరిపోదా?

ప్రయోగశాల: అది కాలానికే కట్టేస్తుంది. అపెర్చర్ తీసేసి చూస్తే ఈ చిక్కే లేదు. 532 దగ్గర జింక్ సెలినైడ్ రెండేసి ఫోటాన్లను ఒకేసారి మింగుతుంది, కాబట్టి ఫోకస్ దగ్గర ఒక్కటే లోయ, అటూ ఇటూ సమానంగా. మూసిన గీతను, అంటే అపెర్చర్ ఉంచి తీసిన దాన్ని, దీనితో భాగించాకే n2 తేలుతుంది.

పద్యప్రియ: అసలు లోయ అనాలంటే రెండు వైపులా కొండలుండాలి కదా? మూసిన గీతలో ఒక పక్కే శిఖరం. అది పల్లం.