లువార్ లోయలో అయిదు రోజులు: ఏ కోటలు, ఏ ద్రాక్షతోటలు, కారు ఉండాలా?

కావలి_బ్రిడ్జి సెంటర్:
సెప్టెంబరు ఆఖరి వారంలో అమ్మానాన్నలతో ఫ్రాన్స్ పోతున్నాం. పారిస్ అయ్యాక అయిదు రోజులు లువార్ నది వైపు ఉంచాను. లిస్టులో షాంబోర్, షెవెర్నీ, బ్లువా, ఆంబ్వాజ్, షెనోన్సో, విలాంద్రీ, ఆజె ల రిదో, షినోన్, సోమ్యూర్ ఉన్నాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టని శాకాహారి. నాన్నకి వైన్ ఎట్టా చేస్తారో చూడాలని ఉంది, తాగేది మాత్రం రెండు గుక్కలే. రోజూ పారిస్ నుంచి పోయి రావచ్చా? కారు లేకుండా అయిద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_ట్రంకురోడ్డు:
తమ్ముడూ, ముందు ఆ లిస్టులో సగం కొట్టెయ్. రోజుకి రెండు కోటలు దాటితే మూడోదాంట్లో మంచాలూ తివాచీలూ అన్నీ ఒకేలా కనపడతాయి. పెద్దవాళ్ళతో అయితే పొద్దున ఒక కోట, సాయంత్రం ఒక తోటో, వైన్ గుహో, అంతే.

పారిస్ నుంచి రోజూ పోయి రావడం దండగ. మోఁపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే గంటకల్లా టూర్ ఊరి పక్కకి చేరుస్తుంది. పక్కకి అని ఎందుకంటున్నానంటే చాలా టీజీవీలు టూర్ స్టేషన్‌లోకి రావు, ‘సాఁ పియేర్ దే కోర్’ దగ్గరే ఆగి ముందుకి పోతాయి. అక్కడ దిగి షటిల్ రైలు పట్టుకుంటే అయిదు నిమిషాల్లో టూర్. టికెట్టు మీద టూర్ పేరు కనపడలేదని ఆ స్టేషన్‌లో దిగకుండా కూర్చుంటే తర్వాత దిగేది ఎక్కడో పువాతియే దగ్గర.

మకాం ఒక్క ఊళ్ళోనే పెట్టు. రైళ్ళ మీద తిరిగేట్టయితే టూర్, చిన్న ఊరు కావాలంటే ఆంబ్వాజ్. టూర్ నుంచి షెనోన్సోకి లోకల్ రైలు అరగంట లోపే, స్టేషన్ దిగితే కోట గేటు పక్కనే. ఊరి పేరు చివర ఎక్స్ ఉంటుంది, కోట పేరుకి ఉండదు. రెండూ ఒకటే, కంగారుపడొద్దు. ఆంబ్వాజ్ ఇరవై నిమిషాల ప్రయాణం. అయితే స్టేషన్ నదికి ఉత్తరాన, కోట దక్షిణాన. మధ్యలో లంక, రెండు వంతెనలు. మామూలు నడకకి పావుగంట పైనే, అమ్మగారికయితే టాక్సీ చెప్పుకోండి. షాంబోర్‌కి అసలు స్టేషనే లేదు. బ్లువాలో దిగి, సీజన్‌లో తిరిగే షటిల్ బస్సులో పోవాలి. ఆ బస్సు షెవెర్నీ కూడా కలుపుతుంది. రోజుకి కొన్ని ట్రిప్పులే, వచ్చే బస్సు టైము ముందు రాసుకుని అప్పుడు లోపలికి పోండి.

ఇంకోటి. వెతికేటప్పుడు ‘Loire’ స్పెల్లింగ్ చూసుకో. చివర ‘ఇ’ అక్షరం లేకపోతే అది లువార్‌కి ఉత్తరాన పారే వేరే నది. దాని ఒడ్డునా కోటలున్నాయి, ద్రాక్షతోటలూ ఉన్నాయి. అక్కడ హోటల్ బుక్ చేశావంటే అయిదు రోజులూ రోడ్డు మీదే.

మార్కాపురం_పలక:
మీ లిస్టులో ఉన్నవాటిలో చాలావాటిని మనం కోటలంటున్నాం గానీ ఉదయగిరి లాంటివి కావు. కొండ మీద బురుజులు, శత్రువుకి అందకుండా కట్టింది అనుకుని పోతే నిరాశే. షాంబోర్, షెనోన్సో, ఆజె, విలాంద్రీ రాజులూ వాళ్ళ కొలువులో డబ్బు లెక్కలు చూసే అధికారులూ దర్జాకి కట్టుకున్న మేడలు. నిజంగా కోట చూడాలంటే షినోన్. 1429లో, ఇంగ్లీషువాళ్ళ మీద పోరాడిన జాన్ ఆఫ్ ఆర్క్, ఫ్రాన్స్ రాజు ఏడో చార్లెస్‌ని కలుసుకున్నది అక్కడే. గుట్ట మీద ఉంటుంది, మోకాళ్ళకి కష్టం.

అక్కడ చూడాల్సింది రాయి. గోడలన్నీ తుఫో అనే తెల్లటి సున్నపురాయి. మన చీమకుర్తి గ్రానైట్‌ని కోయడానికి డైమండ్ వైరు కావాలి, దీన్ని గోటితో గీకినా పొడి రాలుతుంది. అందుకే అంత సన్నటి చెక్కడాలు కుదిరాయి. అందుకే వానకి పొరలు లేచిపోయి, ఏదో ఒక గోడకి ఎప్పుడూ పరంజా కట్టే ఉంటుంది. ఫోటో పాడయిందని తిట్టుకోవద్దు. పైకప్పు నల్లగా, కొంచెం నీలంగా మెరిసేది ఆంజే ఊరి వైపు గనుల పలకరాయి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళకి ఆ మెరుపు కొత్తేం కాదు. షాంబోర్ పైకెక్కి పొగగొట్టాలు చూడండి. తెల్లరాతిలో నల్ల పలక ముక్కలు గుండ్రంగా, వజ్రం ఆకారంలో కోసి పొదిగారు. ఇటలీ పాలరాతి పనికి అది చవక నకలు, కానీ అందంగా కుదిరింది. షెనోన్సోలో నది మీద కట్టిన 60 మీటర్ల హాలుకి పరిచిన నలుపు తెలుపు గళ్ళు కూడా ఈ రెండు రాళ్ళే.

మెట్ల సంగతి. షాంబోర్ 1519లో మొదలైంది. నడిమధ్య ఉన్న మెట్ల దారి నిజానికి రెండు. ఒకే బోలు స్తంభం చుట్టూ రెండూ మెలికపడి పైకి పోతాయి. ఒకదాంట్లో ఎక్కేవాళ్ళు రెండోదాంట్లో దిగేవాళ్ళని కిటికీల్లోంచి చూడగలరు, ఎదురుపడరు. అమ్మగారు ఎక్కలేకపోయినా కింద నిలబడి మధ్యలోకి తలెత్తి చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. లోపల మాత్రం చాలా గదులు బోసిగా ఉంటాయి. ఆ కాలంలో రాజు కొలువు ఊరూరా తిరిగేది, మంచాలూ పరదాలూ బళ్ళ మీద వెంట వచ్చేవి. ఇంటి సామాను నిండుగా కనపడాలంటే షెవెర్నీ మేలు.

షెనోన్సోలో చెట్ల దారి పొడుగే గానీ చదును. కింది అంతస్తు, నది మీది హాలు చూసి అమ్మగారు తోటలో కూర్చోవచ్చు. వంటగదులు వంతెన స్తంభాల్లో ఉన్నాయి, వాటికి మెట్లు దిగాలి. హాలు కింద పారేది షేర్ నది. 1940లో జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌కీ, ఆక్రమించని ఫ్రాన్స్‌కీ అదే హద్దు. హాలు దక్షిణపు తలుపు తీస్తే అవతలి గడ్డ. ఆ తలుపు దాకా నడవకుండా వెనక్కి రావద్దు. గేట్లు తీసే టైముకి పోండి, లేదా మూడు తర్వాత. మధ్యలో పారిస్ బస్సులన్నీ అక్కడే దిగుతాయి.

ఆంబ్వాజ్‌లో లియొనార్డో డా విన్చీ ఆఖరి మూడేళ్ళు గడిపిన ఇల్లు క్లో లూసే, రాజుగారి కోట రెండూ ఉన్నాయి. ఆయన 1519 మే 2న పోయింది ఆ ఇంట్లోనే. కోటలో తలుపుల దగ్గర తల వంచండి, 1498లో ఎనిమిదో చార్లెస్ రాజు తలుపు పైనున్న రాయికి తల కొట్టుకునే పోయాడు.

గూడూరు_నిమ్మ:
వైన్ సంగతి నేను చెప్తాను. పైవాళ్ళు రాయి గురించి చెప్పారు కదా, ఆ రాయి తవ్వుకుపోయిన గుంతలే ఇప్పుడు వైన్ గుహలు. ఏడాది పొడుగునా లోపల 12 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నెల్లూరు ఎండలో పెరిగిన వొళ్ళు, పెద్దవాళ్ళకి శాలువా తప్పనిసరి.

అయిదు రోజుల్లో రెండు చోట్లు చాలు. టూర్ పక్కన పది కిలోమీటర్లలో వూవ్రే, అది తెల్ల వైన్ ఊరు. ఇంకోటి షినోన్, ఎర్రది. సాఁసెర్ వైన్ పేరు గొప్పదే గానీ ఆ ఊరు నదికి ఎగువన చాలా దూరం, ఈ ట్రిప్పులో కలపొద్దు.

వూవ్రేలో ద్రాక్ష దాదాపు అంతా షెనాఁ బ్లాఁ. మన నిమ్మకాయకున్నట్టు దానికి పులుపు గట్టిగా ఉంటుంది. అందుకే ఒకే తోటలోంచి చక్కెర మిగలని ‘సెక్’, కాస్త తీపి ‘దెమీ సెక్’, బాగా తీపి ‘ముఎలో’, నురగ వచ్చేది, నాలుగూ తీస్తారు. చలి ఎక్కువున్న ఏడాదిలో పులుపెక్కువ, కాయలు నురగ వైన్‌కి పోతాయి. శరదృతువులో పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ పడితే కాయకి ఒక మేలుచేసే బూజు పట్టి, నీరు ఎగిరి తీపి చిక్కబడుతుంది. ముఎలో ఎక్కువగా అలాంటి ఏడాదిలోనే తీస్తారు. అన్ని గుత్తులకీ ఒకేసారి పట్టదు కాబట్టి రెండు మూడు దఫాలుగా ఏరి కోస్తారు, దాని ధర ఎక్కువకి కారణం అదే. రుచి చూసేటప్పుడు సెక్‌తో మొదలుపెట్టి తీపితో ఆపాలి. తిరగేస్తే సెక్ నిమ్మరసంలా అనిపించి ‘ఇదేం వైన్’ అంటారు.

నాన్నగారికి నురగ వైన్ చేసే చోటు చూపించండి. సీసాలోనే రెండోసారి పులియబెడతారు. అడుగున చేరే ఈస్టు మడ్డిని, సీసాని తలకిందులుగా వంచి కొద్దికొద్దిగా తిప్పుతూ మూత దగ్గరికి తెస్తారు, తర్వాత మూత తీసి బయటికి చిమ్మిస్తారు. చూస్తేనే అర్థమవుతుంది, చదివితే కాదు. షినోన్‌లో కాబెర్నే ఫ్రాఁ. ఎర్రది కాబట్టి తొక్కతో సహా నానబెడతారు. కాయ పూర్తిగా పండని ఏడాదిలో పచ్చి బెంగుళూరు మిర్చి వాసన వస్తుంది, అది చెడిపోయినట్టు కాదు.

మీరు పోయేది సరిగ్గా కోతల టైము. చిన్న రైతుల ఇళ్ళలో మనుషులంతా తోటలోనో ద్రాక్ష పిండే ప్రెస్సు దగ్గరో ఉంటారు. ముందు ఫోన్ చేసి టైము తీసుకోకపోతే గేటు మూసి ఉంటుంది. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా ఎవరూ దొరకరు, ఆదివారం చాలా చోట్ల మూత. ఫీజు లేకుండా పోస్తే ఒకటి రెండు సీసాలు కొనడం మర్యాద. ఉమ్మడానికి గిన్నె పెడతారు, ఉమ్మితే ఎవరూ తప్పుగా అనుకోరు. సెంటు పూసుకుని, నోట్లో వక్కపొడి వేసుకుని మాత్రం పోవద్దు, ఏ వైన్ అయినా వక్కే అవుతుంది.

ఒక హెచ్చరిక: పులుస్తున్న తొట్ల గదిలోకి యజమాని లేకుండా అడుగు పెట్టొద్దు. పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ నేల మీద పేరుకుంటుంది, వాసన కూడా తెలియదు. పాడుబావిలో దిగేముందు దీపం దించి చూస్తారే, అదే లెక్క.

కావలి_బ్రిడ్జి సెంటర్:
చాలా థ్యాంక్స్ అండీ. అయితే టూర్‌లో మకాం. ఒక రోజు షెనోన్సో, ఆంబ్వాజ్. ఒక రోజు బ్లువా మీదుగా షాంబోర్. విలాంద్రీకి, వూవ్రేకి కారు తీసుకుంటే? అమ్మ తిండి ఎట్టా?

ఒంగోలు_ట్రంకురోడ్డు:
ఆంబ్వాజ్‌ని వేరే రోజుకి జరుపు, ఒకే రోజు రెండు కోటలయితే అమ్మగారు అలిసిపోతారు. విలాంద్రీ వైపు కారొద్దు. టూర్ నుంచి సగం రోజు తిప్పే మినీ వ్యాన్లు ఉన్నాయి. వైన్ తాగి నడపడానికి అక్కడి హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాములు, లైసెన్సు కొత్తదయితే 0.2. నాలుగు చోట్ల నాలుగు గుక్కలు మింగితే లెక్క తప్పుతుంది.

గూడూరు_నిమ్మ:
అన్నా, నాన్న తాగి అబ్బాయి నడిపితే ఇబ్బందేముంది? మోకాళ్ళ మనిషికి కారే హాయి. కాకపోతే నాలుగు గుర్తుపెట్టుకోవాలి. ఇంటర్నేషనల్ పర్మిట్ మన లైసెన్సుతో పాటే చూపాలి. ఆటోమేటిక్ కావాలంటే ముందే అడిగి బుక్ చేయాలి, అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల బండి. ఊరి పేరు బోర్డు దాటిన క్షణం నుంచే 50 హద్దు, వేరే బోర్డు పెట్టరు. బోర్డూ గీతా లేని చిన్న కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికి ఆగాలి, మీది పెద్ద రోడ్డయినా సరే.

నెల్లూరు_దర్గామిట్ట:
అమ్మ తిండి గురించి ఎవరూ చెప్పలా. ‘వెజిటేరియన్’ అంటే గుడ్డూ, ఒక్కోచోట చేపా వచ్చేస్తాయి. ‘సాఁ వ్యాండ్, సాఁ ప్వాసోఁ, సాఁజఫ్’ అని కాగితం మీద రాయించి చూపించండి: మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. ఆకుకూరల సలాడ్‌లో కూడా ‘లార్దోఁ’ అని పంది ముక్కలు వేస్తారు. మేక పాల జున్ను ‘సెంత్ మోర్’ ఆ ప్రాంతపుదే, మధ్యలో గడ్డిపరక గుచ్చి ఉంటుంది. కానీ అక్కడి జున్ను చాలావరకు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెట్టింది. నిష్ఠ ఉంటే అడిగి తినండి. హోటళ్ళలో భోజనం 12 నుంచి 2 వరకే, తర్వాత రాత్రి ఏడింటికే. మూడింటికి ఆకలేస్తే రొట్టెల కొట్టే దిక్కు, కాబట్టి పులిహోర కలిపే పొడి, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, వంటగది ఉన్న అపార్ట్‌మెంటు చూసుకోండి.

సీసాలు తెచ్చుకునేట్టయితే చెక్-ఇన్ పెట్టెలోనే, బట్టల మధ్య. సుంకం లేకుండా ఒక్కో పెద్దమనిషికి రెండు లీటర్లు. ముప్పావు లీటరు సీసాలు రెండు సరిపోతాయి, మూడోది పావు లీటరు పైకి పోతుంది.