మందుల హోల్‌సేల్ డేటాతో ప్రాజెక్టు: మోడల్ కన్నా లెడ్జరే ఏడిపిస్తోంది

బెజవాడ_బిల్లు
ఎంబీఏ ఆఖరి సెమిస్టర్. మా బాబాయికి తెలిసిన ఒక మందుల హోల్‌సేలర్ మూడేళ్ల బిల్లుల డేటా ఇచ్చారు. ఆయన అడిగింది ఒక్కటే, ఏ మందు ఎక్స్‌పైరీ అయి మూలన పడుతుందో ముందే చెప్పగలవా అని. ఇంతేనా అనుకుని సరే అన్నాను. ఎక్సెల్‌లోకి దించి చూస్తే ఒకే షాపు నాలుగు పేర్లతో ఉంది: వెంకటేశ్వర మెడికల్స్, వెంకటేశ్వరా మెడికల్, శ్రీ వెంక. మెడి., ఎస్‌వీ మెడికల్స్. అటు గైడ్ మేడమ్ ఎల్‌ఎస్‌టీఎం (వరసగా వచ్చే డేటా నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ మోడల్) పెట్టమంటున్నారు, లేకపోతే కొత్తదనం ఏముంది అంటున్నారు. నాకైతే ఫుల్ టెన్షన్‌గా ఉంది. ఇలాంటి డేటాతో ఎవరైనా పని చేశారా?

లెడ్జర్_లింగం
పేర్లతో కుస్తీ పట్టకు తమ్ముడూ. జీఎస్టీ నంబర్ కాలమ్ ఉంటుంది చూడు, 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం (ఆంధ్రకి 37, తెలంగాణకి 36), తరవాతి పదీ పాన్. దాంతో కలిపేస్తే నాలుగు వెంకటేశ్వరలూ ఒక్కటైపోతాయి.

మందులషాపు_కోడలు
లింగం గారూ, అలా చేస్తే మా షాపే గల్లంతవుతుంది. మా మామయ్యగారికి రెండు షాపులు, ఒకటి ఆసుపత్రి ఎదురుగా, ఇంకోటి కాలనీలో. రెండింటికీ జీఎస్టీ నంబర్ ఒక్కటే, కానీ అమ్ముడుపోయే మందులకి అసలు పోలికే ఉండదు. డ్రగ్ లైసెన్స్ నంబర్ చూడమనండి, అది చోటుని బట్టి ఇస్తారు కాబట్టి ఏ షాపుది ఆ షాపుకే ఉంటుంది.

లెడ్జర్_లింగం
నిజమే అమ్మా, అది తట్టలేదు. అయితే లైసెన్స్ నంబర్‌తోనే కలుపు, జీఎస్టీ నంబర్ సరిచూసుకోడానికి పనికొస్తుంది. ఇంకోటి, ఫైల్ తెరిచేటప్పుడు బ్యాచ్ నంబర్ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకో. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, అంకెల మధ్య ఇంగ్లీషు 'ఈ' ఉంటే ఎక్సెల్ దాన్ని కోట్లలోకి మార్చేస్తుంది. 2020లో ఇంగ్లండ్‌లో పాత రకం ఎక్సెల్ ఫైల్‌లో వరసలు పట్టక దాదాపు 16,000 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు, మన బ్యాచ్ నంబర్లెంత!

మాజీ_రెప్
నేను తొమ్మిదేళ్లు మందుల కంపెనీ రెప్‌గా తిరిగాను కాబట్టి చెప్తున్నా, నీ డేటాలో ప్రతి నెలా ఆఖరి నాలుగైదు రోజుల్లో అమ్మకాలు లేచి ఉంటాయి, చూసుకో. దాన్ని చూసి నెలాఖరుకి రోగాలు పెరుగుతాయని మాత్రం రాయకు 😀 అది మా టార్గెట్. స్టాకిస్టు కాళ్లావేళ్లా పడి బిల్లు కొట్టించేవాళ్లం, ఆ సరుకులో కొంత పదో తారీఖులోపు వాపస్ వచ్చేది. ఆ వాపసుని అమ్మకంలోంచి తీసెయ్యకపోతే నీ మోడల్ నేర్చుకునేది రోగుల అవసరం కాదు, మా మేనేజర్ల అరుపులు. 10+1 స్కీములూ (పది కొంటే ఒకటి ఉచితం) అంతే, ఆ ఒక్కటీ సున్నా ధరకి వేరే వరసలో పడుతుంది.

బెజవాడ_బిల్లు
అన్నా, ఇప్పుడే చూశాను. నిజంగానే ప్రతి నెలా ఆఖర్న కొండలా ఉంది. నేను దాన్ని జీతాల ప్రభావం అని రెండు పేజీలు రాసేశాను కూడా.

సగటు_లెక్క
నాది రిటైల్ ఫోర్‌కాస్టింగ్ ఉద్యోగం, హైదరాబాద్. మూడేళ్లంటే ఒక్కో మందుకి నెలవారీగా 36 అంకెలు, దానికి ఎల్‌ఎస్‌టీఎం అంటే ఈగని కొట్టడానికి రోకలి ఎత్తినట్టే. ముందు పోయినేడు ఇదే నెలలో ఎంత పోయిందో అదే ఈసారీ పోతుందని ఊహించి ఎంత తప్పు వస్తుందో కొలువు, నీ మోడల్ దాన్ని ఓడించాలి, అంతే. ఎక్స్‌పైరీ అయ్యేవి ఎటూ ఎప్పుడో ఒకసారి కదిలే మందులే, వాటికి 1972 నాటి క్రాస్టన్ పద్ధతి (ఎన్నాళ్లకోసారి పోతుంది, పోయినప్పుడు ఎంత పోతుంది అని విడివిడిగా అంచనా వేసేది) ఇప్పటికీ మంచి మొదటి ప్రయత్నం. అమ్మకం సున్నా ఉన్న నెలల్లో తప్పుని శాతంలో కొలవలేవు, సున్నాతో భాగించాలి కాబట్టి, స్ట్రిప్పుల్లోనే కొలువు. రూపాయల్లోనూ వద్దు, 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లు మొత్తం తగ్గితే అమ్మకమే తగ్గినట్టు కనిపిస్తుంది. పరీక్షకి చివరి ఆరు నెలలూ పక్కన పెట్టు, వరసల్ని కలగాపులగంగా ఏరావో రేపటి సంగతి చూసి నిన్నటిది చెప్పినట్టవుతుంది.

ఇంకో చిక్కు. సున్నా అమ్మకం అంటే ఎవరూ అడగలేదనా, స్టాక్ లేదనా? బిల్లుల్లో అది తెలియదు, స్టాక్ రిజిస్టర్ కూడా అడుగు.

పీహెచ్‌డీ_ఐదో_ఏడు
కొత్తదనం గురించి మేడమ్‌తో ఇలా మాట్లాడి చూడు. సమాచార వ్యవస్థల పరిశోధనలో డిజైన్ సైన్స్ అని ఒక దారి ఉంది, హెవ్నర్, మార్చ్, పార్క్, రామ్ 2004లో ఎంఐఎస్ క్వార్టర్లీ అనే పరిశోధన పత్రికలో రాసిన వ్యాసం అందరూ వాడతారు. అసలైన ఇబ్బందికి పనికొచ్చే ఒక వస్తువు తయారుచేసి, అది నిజంగా పనికొచ్చిందో లేదో పరీక్షించి చూపడం కూడా పరిశోధనే. నీ వస్తువు ఆ హోల్‌సేలర్ ప్రతి సోమవారం చూసే ఒక పేజీ జాబితా అనుకో. మా గైడ్ దీనికి ఒప్పుకోడానికి ఏడాది పట్టింది, అది వేరే కథ. షాపుల పేర్లు మాత్రం రిపోర్టులో పెట్టకు, కోడ్ నంబర్లు వెయ్యి.

బెజవాడ_బిల్లు
మూడు వారాల తరవాత వచ్చాను. లైసెన్స్ నంబర్‌తో కలిపితే 611 పేర్లు 438 షాపులయ్యాయి. మేడమ్ డిజైన్ సైన్స్‌కి సగం ఒప్పుకున్నారు, ఎల్‌ఎస్‌టీఎం కూడా ఒక పట్టికలో చూపించాలట, చూపిస్తాను, ఓడిపోయిందని. ఎక్స్‌పైరీ అవ్వొచ్చనుకున్న 40 మందుల జాబితా షాపులో ఇచ్చాను. ఓనర్ గారు తలూపారు గానీ గోడౌన్ చూసే ఆయన నవ్వడం మొదలెట్టారు. అందులో మూడు మందులకి ఎప్పుడూ ఎక్స్‌పైరీ రాలేదట, కింది అరలో ఉంటాయి కాబట్టి ఎలుకలు కొరుకుతాయట, దానికి వేరే ఖాతా లేక ఎక్స్‌పైరీలోనే రాసేస్తారట!

మాజీ_రెప్
😂 పగిలిన సిరప్ సీసాలు కూడా అందులోనే వేస్తారేమో అడుగు.

బెజవాడ_బిల్లు
అడిగాను. అవీ అందులోనే.